నాలుగు గొంతులు, నాలుగు దారులు: రినైజాన్స్ చర్చి గానంపై పాఠకుల ప్రశ్నలు

సుమారు 1420 నుంచి 1610 దాకా యూరప్ చర్చిల్లో వాద్యాల అవసరం లేకుండా వికసించిన లాటిన్ బృందగానం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: పదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. జోస్కాన్ దె ప్రె స్వరపరచిన 'ఆవే మరీయా... వీర్గో సెరేనా' విన్నాను. హాయిగా ఉంది గానీ అసలు పాట ఎవరు పాడుతున్నారో, వంత ఎవరిదో పట్టుకోలేకపోయాను. దీన్ని ఎలా వినాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వంత ఎవరిదీ కాదు, అందుకే పట్టు దొరకలేదు. ఈ సంగీతంలో ఒక పాట, దానికి తోడుగా స్వరగుచ్ఛాలు (కార్డ్‌లు) అనే ఏర్పాటు ఉండదు. నాలుగు గొంతులకూ నాలుగు పూర్తి పాటలుంటాయి. ఒక్కొక్కటీ విడిగా పాడినా చెవికి ఇంపుగా ఉండాలి, కలిపి పాడితే ఒకదానితో ఒకటి పొసగాలి. స్వరకర్త పనితనమంతా ఈ రెండు షరతుల్నీ ఒకేసారి నెరవేర్చడంలోనే ఉంది.

మీరు విన్న పాటనే తీసుకుందాం. 1502లో వెనిస్‌లో ఒత్తావియానో పెత్రూచ్చి అచ్చువేసిన తొలి మోటెట్ (లాటిన్ భక్తి బృందగీతం) సంకలనంలో మొదటి పాట ఇదే. పై గొంతు (సోప్రానో) 'ఆవే మరీయా' అని ఎత్తుకుంటుంది. అది ముగియకముందే రెండో గొంతు (ఆల్టో) అదే పలుకు అందుకుంటుంది, తర్వాత మూడోది (టెనర్), ఆఖరున అన్నిటికన్నా కిందిదైన బాస్. 'గ్రాత్సియా ప్లేనా'కు మళ్లీ పైనుంచి కిందికి అదే వరస. ఈ అందుకోవడాన్నే ఇమిటేషన్ అంటారు. తర్వాత మేరీమాత జీవితంలోని ఐదు ఘట్టాలకు ఐదు చరణాలుంటాయి. వాటిలో కొన్నిచోట్ల గొంతులు ఇద్దరిద్దరుగా జతకట్టి పాడతాయి. నాలుగో చరణం 'ఆవే వేరా విర్జీనితాస్' దగ్గర నడక మూడేసి దెబ్బలకు మారి, అందరూ కలిసి నడుస్తున్నట్టు వినిపిస్తుంది. నిజానికి అక్కడ టెనర్ పై గొంతు పాటనే ఐదు స్వరాలు కింద, ఒక్క దెబ్బ ఆలస్యంగా పాడుతూ ఉంటుంది. తెలియకపోతే చెవికి అందదు, తెలిశాక వినకుండా ఉండలేం. చివర పూర్తి నిశ్శబ్దం. ఆ తర్వాత 'ఓ మాతెర్ దేయీ, మెమెంతో మేయీ' అని నలుగురూ ఒక్కసారిగా, నిడుపాటి స్వరాల్లో వేడుకుంటారు. అప్పటిదాకా ఎవరి దారిన వాళ్లు నడిచారు కాబట్టే ఆ ఐక్యానికి అంత బరువు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు వినండి. మొదటిసారి ఏ మాటను ఎవరు ముందు అందుకున్నారన్నదే గమనించండి. రెండోసారి ఏం జరిగినా టెనర్‌ని వదలకండి. మూడోసారి బాస్ ఆగిపోయిన చోట్లు లెక్కపెట్టండి. బాస్ లేనప్పుడు పాట గాల్లోకి లేచినట్టవుతుంది, రాగానే నేలమీద ఆనుతుంది. నాలుగోసారికి మొత్తం వినగలుగుతారు. రాగభావం కోసం మాత్రం వెతకొద్దు. ఇక్కడ రసం రెండు గొంతుల మధ్య దూరం పెరగడంలో, తగ్గడంలో ఉంటుంది.

ప్రశ్న: జోస్కాన్ ఒక రాజు పేరునే స్వరాలుగా మార్చి పాట కట్టాడని చదివాను. మన స్వరాక్షరం లాంటిదేనా?
– వీణ విద్యార్థి, విజయనగరం

జవాబు: దగ్గరి చుట్టమే. ఆ రచన పేరు 'మిస్సా హెర్కూలెస్ దుక్స్ ఫెర్రారియే'. మిస్సా అంటే చర్చి పూజ మాటలకు కట్టిన సంగీతం. ఇటలీలోని ఫెర్రారా డ్యూక్ ఒకటో ఎర్కోలే కోసం కట్టింది, 1505లో అచ్చయింది. ఆ కాలంలో స్వరాలకు ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని ఆరే పేర్లు. డ్యూక్ లాటిన్ బిరుదులోని అచ్చుల్ని వరసగా ఏరండి: హెర్-కూ-లెస్ దుక్స్ ఫెర్-రా-రి-యె. ఎ, ఉ, ఎ, ఉ, ఎ, ఆ, ఇ, ఎ. ఒక్కో అచ్చుకు అదే అచ్చున్న స్వరాన్ని వేస్తే రే ఉత్ రే ఉత్ రే ఫా మి రే అవుతుంది. ఉత్ అంటే మన షడ్జమం అనుకుంటే: రి స రి స రి మ గ రి. వీణ మీద వాయించి చూడండి, అంతా పది సెకన్ల పని. ఈ ఎనిమిది స్వరాలనే టెనర్ నిడివిగా, ఎక్కువగా డి (D) స్వరం మీద, ఐదు స్వరాలు పైన ఎ (A) మీద, అష్టమం (ఆక్టేవ్) పైన మళ్లీ డి మీద పాడుతూ పోతుంది. మిగిలిన గొంతులు దాని చుట్టూ అల్లుకుంటాయి. డ్యూక్ పేరు పలక్కుండానే పూజ పొడుగునా మోగుతుందన్నమాట. స్వరాక్షరంలో సాహిత్యంలోని అక్షరమే స్వరనామమై గాయకుడి నోట వినిపిస్తుంది. ఇక్కడ అచ్చును మాత్రమే దొంగిలించారు, టెనర్ నోట పలికేది పూజ మాటలే. అందుకే 1558లో త్సార్లీనో అనే శాస్త్రకారుడు దీన్ని 'మాటల్లోంచి తోడిన వస్తువు' అన్నాడు.

ఆరు పేర్లతో సంగీతమంతా ఎలా పాడేవారన్నది మీకు పనికొచ్చే సంగతి. అర్ధస్వరం ఎక్కడ వచ్చినా దాని పేరు మి–ఫా, అంటే మన అంతర గాంధారం నుంచి శుద్ధ మధ్యమానికి వెళ్లే అడుగు. నిషాదానికి పేరే లేదు. పాట ఆరు దాటి పైకి వెళ్తే ఆధార స్వరాన్ని మార్చి మళ్లీ మొదలుపెట్టేవారు: సి మీద ఉత్ పెట్టుకున్నవాడు జి దగ్గరికొచ్చి దాన్నే కొత్త ఉత్ అనుకుంటాడు, ఎ రే అవుతుంది, బి మి అవుతుంది. గ్రహభేదం చేసేవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు.

పక్కమాట ఒకటి. డ్యూక్ జోస్కాన్‌ని కొలువులో పెట్టుకోబోయే ముందు ఆయన మనిషి ఒకడు ఉత్తరం రాశాడు: జోస్కాన్ గొప్పవాడే గానీ తనకు తోచినప్పుడే రాస్తాడు, 200 డుకాట్లు (బంగారు నాణేలు) అడుగుతున్నాడు, మరో స్వరకర్త హైన్రిష్ ఇసాక్ అయితే 120కే వస్తాడు అని. డ్యూక్ 200 వైపే మొగ్గాడు.

ప్రశ్న: చర్చిలో బహుళస్వర గానాన్ని, అంటే ఇలా పలు వరసలు కలిపి పాడడాన్ని, నిషేధించబోతుంటే ఇటలీ స్వరకర్త పాలెస్త్రీనా ఒక్క పాటతో కాపాడాడట. నిజమేనా?
– హైదరాబాద్ నుంచి ముగ్గురు పాఠకులు

జవాబు: కథగా నిలిచింది గానీ రుజువు లేదు. నిజంగా జరిగినవి ఇవీ.

1555 ఏప్రిల్‌లో రెండో మార్సెల్లుస్ పోపు అయ్యాడు. పదవిలో ఉన్నది 22 రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆనాటి పాటలు విషాద దినానికి తగ్గట్టు లేవని, ఇకమీదట మాటలు వినపడేలా, అర్థమయ్యేలా పాడాలని ఆయన తన గాయకుల్ని పిలిచి చెప్పాడు. 1562 సెప్టెంబరులో కథోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ చేసిన తీర్మానం చర్చి సంగీతంలో అశుద్ధమైనదీ, విలాసపు పోకడ ఉన్నదీ కూడదన్నది, అంతే. బహుళస్వర గానాన్ని తీసేయమనలేదు. 1565 ఏప్రిల్ 28న పోపు గాయకులు కార్డినల్ వితెల్లి ఇంట్లో కొన్ని పూజా సంగీతాలు పాడి, మాటలు అర్థమవుతున్నాయో లేదో పరీక్షకు నిలబడ్డారు. ఏవి పాడారో నమోదు కాలేదు. పాలెస్త్రీనా 'మిస్సా పాపే మార్చెల్లీ' 1567లో అచ్చయింది. ఇది సంగీతాన్ని కాపాడిందన్న మాట 1607లో అగాత్సారి అనే సంగీతకారుడి రాతల్లో మొదటిసారి కనిపిస్తుంది. 1828లో బైనీ రాసిన జీవితచరిత్ర దాన్ని పెంచింది, 1917లో ఫిట్స్‌నర్ ఒపెరా వేదికెక్కించింది. మహాసభలో వాదన నడుస్తుండగా నిజంగా అక్కడ పాడినవి మాత్రం యాకోబుస్ దె కెర్లె కట్టిన ప్రార్థనా గీతాలు. పాపం, ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు.

కథ సంగతి వదిలేసి రచనను చూస్తే మాటలు వినిపించడానికి పాలెస్త్రీనా ఏం చేశాడో తెలుస్తుంది. ఆరు గొంతులున్నా, పూజలోని గ్లోరియా (స్తుతి), క్రేదో (విశ్వాస ప్రకటన) భాగాల్లో ఆరుగురూ చాలాసేపు కలిసి పాడరు. ముగ్గురో నలుగురో ఒక వాక్యాన్ని ఒకే లయలో, అక్షరానికో స్వరంగా పలుకుతారు. తర్వాతి వాక్యాన్ని వేరే ముగ్గురు నలుగురు అందుకుంటారు. చెప్పిన వాక్యం మళ్లీ రాదు. క్రేదోలో మాటలు బోలెడు కాబట్టి ఈ పొదుపు. కీరియేలో ('ప్రభువా కరుణించు' అనే భాగం) ఉన్నవి మూడే మాటలు, అవీ అందరికీ కంఠతా వచ్చినవి. అందుకని అక్కడ గొంతుల్ని వదిలిపెట్టి ఒకదాని వెనక ఒకటి పరుగెత్తించాడు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే ఏ స్వరకర్త పూజా సంగీతమైనా సగం అర్థమైనట్టే.

ఇంకో సంగతి: అదే 1555లో మార్సెల్లుస్ తర్వాత వచ్చిన నాలుగో పౌల్, పెళ్లయినవాడన్న కారణంతో పాలెస్త్రీనాను, మరో ఇద్దరిని పోపు గాయకబృందం నుంచి తీసేశాడు.

ప్రశ్న: మా క్వయర్‌లో 14 మందిమి: సోప్రానో 6, ఆల్టో 4, టెనర్ 1, బాస్ 3. పాస్కా (ఈస్టర్) జాగరణకు పాలెస్త్రీనా 'సీకుత్ చెర్వుస్' పాడాలని మూడు వారాలుగా సాధన చేస్తున్నాం. కీబోర్డు ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఆపేస్తే చివరికి అర్ధస్వరం కిందికి జారిపోతున్నాం. విన్నవాళ్లు 'మొద్దుగా ఉంది' అన్నారు. ఎక్కడ తప్పు?
– క్వయర్ నిర్వాహకుడు, గుంటూరు జిల్లా

జవాబు: పాట ఎంపిక చక్కగా ఉంది. 'దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు' అన్న 42వ కీర్తన మాటలే ఇవి. పాస్కా జాగరణలో జ్ఞానస్నానపు తొట్టి దగ్గరికి వెళ్లే సమయానికి అనాదిగా ఉన్న పాఠం. లోపాలు మూడు చోట్ల ఉన్నాయి.

ముందు మనుషుల పంపకం. ఈ పాట ఎత్తుకునేది టెనర్, తర్వాత ఆల్టో, సోప్రానో, చివర బాస్. ఒక్క టెనర్ మీద ఆ ఎత్తుగడ నిలవదు. బాసుల్లో తేలికపాటి గొంతున్న ఒకరిని టెనర్‌కు మార్చండి. ఆల్టోల్లో అందరికంటే మంద్రంగా పాడగల ఒకావిడను కూడా టెనర్‌కే ఇవ్వండి. సోప్రానోల్లోంచి ఒకరిని ఆల్టోకు దించండి. అప్పుడు 5, 4, 3, 2 అవుతుంది. బాస్ ఇద్దరేనా అని భయపడకండి, కింది స్వరాలు తక్కువమంది పాడినా వినిపిస్తాయి. ఆ కాలంలో ఆల్టో అంటే పై స్థాయిలో పాడే మగగొంతు. కాబట్టి ఆ వరస ఆడవాళ్లకు కొన్నిచోట్ల బాగా కిందికి పోతుంది. అక్కడ గట్టిగా నొక్కకుండా ఊపిరితో వదిలేయమనండి.

తర్వాత శ్రుతి. కీబోర్డు మీకు సాయం చేయడం లేదు, అసలు జబ్బును కప్పిపెడుతోంది. కీబోర్డు మీద సి–ఇ దూరం, సహజంగా పలికే అంతర గాంధారం కన్నా 14 సెంట్లు ఎక్కువ. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. తంబురా శ్రద్ధగా మీటితే దానంతటదే వినిపించే స్వయంభూ గాంధారం ఉంటుందే, ఈ పాట చివరి స్వరగుచ్ఛంలో నిలవాల్సిన గాంధారం అదే. ఫోన్‌లో తంబురా ఆప్ పెట్టి షడ్జమం ఎఫ్‌కు మార్చండి. బాస్ ఎఫ్, మరొక వరస సి పట్టుకుని స్థిరపడ్డాక, ఎ పాడేవాళ్లు మెల్లగా పైనుంచి దిగుతూ గరగర పోయిన చోట ఆగాలి. రోజూ 5 నిమిషాలు చాలు. పాటంతటికీ మాత్రం తంబురా పెట్టకండి. మధ్యలో వేరే స్వరాల మీద కూడా ముగింపులు వస్తాయి, అక్కడ తంబురాతో తగువు తప్పదు.

జారడానికి కారణాలు సాధారణంగా రెండు. ఒకే స్వరాన్ని వరసగా పలికేటప్పుడు రెండోది, మూడోది కొంచెం కొంచెం కుంగుతాయి. మెట్లు దిగేటప్పుడు అడుగు పెద్దదవుతుంది, ఎక్కేటప్పుడు చిన్నదవుతుంది. ఎక్కడ జారుతోందో ఊహించకండి: పాటను మూడు ముక్కలు చేసి, ప్రతి ముక్క చివర ఆగి పిచ్ పైపుతో చూసుకోండి. తప్పు ఏదో ఒక వాక్యంలోనే దొరుకుతుంది. ఇంకా జారుతుంటే పాటనే అర్ధస్వరం పైకి ఎత్తండి. ఎఫ్‌లో పాడితే కుంగిపోయే బృందాలు ఎఫ్ షార్ప్‌లో నిలబడటం మామూలే, గొంతు స్థాయి మారే చోటు పక్కకు జరుగుతుంది కాబట్టి.

ఇక 'మొద్దు'. మీ పుస్తకంలోని బార్ గీతలు (స్వరలిపిని సమాన ముక్కలు చేసే నిలువు గీతలు) ఇందుకు కారణం అయివుంటాయి. పాలెస్త్రీనా కాలంలో గాయకుల కాగితం మీద అవి లేవు. ప్రతి గీత తర్వాత ఊనిక పెడితే నలుగురూ ఒకేచోట తొక్కుతారు, అల్లిక చచ్చిపోతుంది. ఊనిక మాటది: సీకుత్, చెర్వుస్, దెసీదెరత్‌లో 'సీ', ఫోన్తెస్‌లో 'ఫో', అక్వారుమ్‌లో 'క్వా'. టెనర్ 'సీ' మీద ఊనినప్పుడు ఆల్టో ఇంకా వేరే అక్షరం మీద ఉంటుంది. ఆ తేడా వినపడాలి.

ఈ వరసలో సాధన చేయండి. మొదటి రోజు పాడొద్దు, ఎవరి లయలో వాళ్లు మాటలు చదవండి, నలుగురూ ఒకేసారి. రెండో రోజు మాటలు తీసేసి 'నూ' మీద, ఒక్కో వరస విడిగా, తర్వాత జంటలుగా: ముందు సోప్రానో–టెనర్, ఎందుకంటే ముగింపుల్లో ఎక్కువసార్లు జతకట్టేది వీళ్లే. తర్వాత ఆల్టో–బాస్, ఆపైన మిగతా జంటలు. మూడో రోజు మాటలు కలపండి. నాలుగో రోజు వరసలు చెదరగొట్టి, పక్కనున్నవాడు వేరే వరస పాడేలా నిలబడండి. ఇక్కడ బయటపడే తప్పులు ఇంకెక్కడా బయటపడవు. గంటన్నర చొప్పున ఆరు సాధనలు మీకు సరిపోతాయి.

రెండు జాగ్రత్తలు చాలామంది వదిలేస్తారు. కొత్త వాక్యం అందుకునేవాళ్లు కొంచెం ముందుకు రావాలి, అప్పటికే పాడుతున్నవాళ్లు ఆ క్షణాన తగ్గాలి. అందరూ ఒకే గట్టిదనంతో పాడితే ఎంత మంచి గొంతులైనా గోడే. రెండోది, నిలబెట్టిన స్వరం. ముగింపుకు ముందు ఒక గొంతు తన స్వరాన్ని అలాగే పట్టుకుని ఉండగా మరో గొంతు కదిలి దానికి తాకుతుంది, పట్టుకున్న గొంతు ఒక మెట్టు దిగి రాజీపడుతుంది. బలం తాకిడి మీద పెట్టాలి, దిగిన స్వరం మీద కాదు. చాలా బృందాలు నిడుపాటి స్వరం కదా అని అక్కడే ఊపిరి తగ్గిస్తాయి. దాంతో తాకిడి మాయమై పాట చప్పబడుతుంది.

గమకాలు వద్దు, జారుడు అసలే వద్దు. అర్ధస్వరం ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ఆనాటి గాయకులు అలంకారాలు చేయలేదని కాదు: 1594లో వెనిస్‌లో అచ్చయిన బోవిచెల్లి పుస్తకం నిండా అవే. కానీ అవి వరసకొక్కరు పాడేటప్పటి మాట. ఐదుగురు సోప్రానోలు ఐదు రకాలుగా చేస్తే చేపల సంతే.

నడక: మరీ నెమ్మది వద్దు. మొత్తం మూడు నిమిషాల పైచిలుకు. ప్రతి ముగింపు దగ్గరా నెమ్మదించకండి, చివరిది ఒక్కటి చాలు. దీనికి 'సితీవిత్ ఆనిమా మేయా' అనే రెండో భాగం కూడా ఉంది. మొదటిది కుదిరాకే దాని జోలికి వెళ్లండి.

ప్రశ్న: లాటిన్ ఎలా పలకాలి? మావాళ్లు ఇంగ్లిషులా చదువుతున్నారు.
– రెండు ఉత్తరాలు: ఏలూరు, సికింద్రాబాద్

జవాబు: రోమన్ లిపిని పక్కనపెట్టి మాటల్ని తెలుగులో రాసివ్వండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. లాటిన్ అచ్చులు మన ఆ, ఎ, ఇ, ఒ, ఉ లాగే సూటిగా ఉంటాయి, ఇంగ్లిషులో లాగా మెలితిరగవు.

చర్చిల్లో నడిచే రోమన్ పద్ధతి ఇదీ. సి అక్షరం ఎ, ఇ ధ్వనుల ముందు 'చ': చెర్వుస్, పాచెమ్. మిగతాచోట్ల 'క'. ఎస్‌సి కలిసి అవే ధ్వనుల ముందు 'ష', ఎక్స్‌లోనూ ఎస్ ధ్వని ఉంది కాబట్టి ఎక్స్‌సి ఉన్న మాట 'ఎక్షెల్సిస్' అవుతుంది. జి అక్షరం ఎ, ఇ ముందు 'జ': విర్జీనే. జిఎన్ కలిస్తే 'న్య': ఆన్యుస్ దేయీ, 'అగ్నస్' కాదు. టిఐ తర్వాత అచ్చు వస్తే 'త్సి': గ్రాత్సియా. హెచ్ పలకదు: ఓసాన్నా. అయితే 'మీకి', 'నీకిల్' అన్న రెండు మాటల్లో మాత్రం క అవుతుంది. జె అక్షరం 'య', కాబట్టి మనం పలికే 'యేసు' లాటిన్‌కు ఇంగ్లిషు కన్నా దగ్గర.

తెలుగువాళ్లు చేసే పొరపాట్లు వేరు. ఇంగ్లిషు అలవాటుతో ట, డ వేస్తారు. 'ఎట్ ఇన్ టెర్రా' తప్పు, 'ఎత్ ఇన్ తెర్రా' అనాలి, నాలుక పళ్లకు తగలాలి. హల్లుతో ముగిసే మాటకు తెలియకుండానే ఉకారం తగిలిస్తారు: 'అక్వారుమ్' కాస్తా 'అక్వారుము' అవుతుంది. నిడుపాటి స్వరంలో అచ్చును చివరిదాకా పట్టి, పెదాలు ఆఖరి క్షణాన మూయించండి. మూడోది, 'ఆనిమా' చివరి అచ్చును నలిపేసి 'ఆనిమ' అంటారు. ఊనిక లేకపోయినా ఆ నోరు తెరిచే పలకాలి.

ఈ ఉచ్చారణ పాలెస్త్రీనాకు సొంతిల్లు. జోస్కాన్ పుట్టిన యూరప్ ఉత్తరాదిలో, ఆంగ్ల స్వరకర్త టాలిస్ ఇంగ్లండ్‌లో లాటిన్‌ని ఎవరి యాసలో వాళ్లు పలికేవారు. కొన్ని బృందాలు ఆ యాసల్ని తిరిగి తెస్తున్నాయి. మొదలుపెట్టే బృందానికి ఆ తలనొప్పి అక్కర్లేదు.

ప్రశ్న: ఇక్కడి కమ్యూనిటీ కోరస్‌లో టెనర్ పాడుతున్నాను. స్పెయిన్ స్వరకర్త విక్తోరియా పాటల పుస్తకంలో కొన్ని స్వరాల నెత్తిన బుల్లి షార్ప్ గుర్తులున్నాయి. కొందరు పాడుతున్నారు, కొందరు వదిలేస్తున్నారు. ఏది సరి? బార్ గీతలు కూడా వరసల మధ్య ఖాళీలోనే ఉన్నాయి.
– డల్లాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గీత మీద, స్వరం పక్కన ఉన్న గుర్తు పాత ప్రతిలో ఉన్నది. నెత్తిన ఉన్నది సంపాదకుడు చేర్చినది. చేర్చడం అంటే కల్పించడం కాదు. ఆనాటి గాయకుడు రాయకపోయినా కొన్నిచోట్ల అర్ధస్వరం మార్చి పాడేవాడు, దానికి మూజికా ఫిక్తా అని పేరు. రెండు కారణాలతో మార్చేవారు. ఒకటి, చెవికి గుచ్చుకునే అడ్డదూరం తప్పించడానికి, అంటే ఎఫ్–బి లాంటివి, మన షడ్జమం–ప్రతి మధ్యమం అంత దూరం. ముఖ్యంగా ఎ దాకా ఎక్కి ఒక్క స్వరం మాత్రం పైకి వెళ్లి దిగిపోతే ఆ బి ఫ్లాట్ అవుతుంది.

రెండోది ముగింపు. జి మీద ముగిసేచోట ఒక గొంతు ఎ నుంచి జికి దిగుతుంది, మరొకటి జి–ఎఫ్–జి అని వెళ్తుంది. ఆ ఎఫ్ షార్ప్ కావాలి. జిని షడ్జమం అనుకుంటే కైశికి నిషాదాన్ని కాకలి చేసినట్టు. రెండు గొంతుల మధ్య పెద్ద ఆరో దూరం (మేజర్ సిక్స్త్) విచ్చుకుని అష్టమం కావాలన్నది సూత్రం. కానీ ఎ మీద ముగుస్తూ కింది గొంతు బి ఫ్లాట్ నుంచి దిగుతోందనుకోండి, అర్ధస్వరం అక్కడే వచ్చేసింది, పైన జిని కదపకూడదు. శుద్ధ రిషభం, కైశికి నిషాదం కలిసి షడ్జమానికి చేరిన తీరు అది. మీ పుస్తకంలో అనుమానం వచ్చినచోట ఈ రెండింట్లో ఏదో చూసుకోండి. ఏదైనా ఒక వరసలో అందరూ ఒకటే పాడాలి. కొందరు పాడి కొందరు మానేయడం మాత్రం ఏ కాలంలోనూ ఒప్పు కాదు.

గీతలు ఖాళీల్లో పెట్టింది కళ్లకు దారి చూపడానికే, స్వరాన్ని రెండుగా కోయకుండా. ఆ కాలంలో చేతిని దించి, ఎత్తి చూపే తాక్తుస్ ఒక్కటే కొలత. దానికి ఆవర్తనం లేదు, సమం లేదు. స్థిమితంగా ఊపిరి తీసే మనిషి నాడి ఎంతో సెమిబ్రీవ్ అనే స్వరం నిడివి అంత అని 1496లో మిలాన్‌లో గాఫూరియో రాశాడు. స్వరాల విలువ సగానికి కుదించిన ముద్రణల్లో ఆ సెమిబ్రీవే దానిలో సగమైన మినిమ్‌గా కనిపిస్తుంది. తెల్లటి పొడుగు స్వరాలు చూసి నత్తనడక అనుకోవద్దు.

ప్రశ్న: 40 గొంతుల పాట నిజంగా ఉందా?
– వరంగల్

జవాబు: ఉంది. థామస్ టాలిస్ 'స్పెమ్ ఇన్ ఆలియుమ్', సుమారు 1570 నాటిది. ఐదేసి గొంతుల బృందాలు ఎనిమిది. పాట ఒక బృందం నుంచి మరోదానికి చుట్టూ తిరిగి, 40వ బ్రీవ్ (రెండు సెమిబ్రీవ్‌ల నిడివి) దగ్గర నలభైమందీ మొదటిసారి కలుస్తారు. సుమారు పది నిమిషాలు. ఒక చిట్కా: వీలైతే గుండ్రంగా నిలబడ్డ బృందం మధ్యలో కూర్చుని వినండి. రెండు స్పీకర్లలో ఇది సగమే.

ప్రశ్న: అల్లేగ్రి 'మిసెరేరే' కూడా ఈ కోవదేనా? మోజార్ట్ ఒక్కసారి విని రాసేశాడట కదా. అందులోని ఆ ఆకాశమంత పై స్వరం మా సోప్రానోలకు అందడం లేదు.
– విశాఖపట్నం

జవాబు: తీరు పాతదే, కాలం తర్వాతిది. 1630ల్లో సిస్టైన్ చాపెల్ కోసం గ్రెగోరియో అల్లేగ్రి 51వ కీర్తనకు కట్టాడు. ఐదు గొంతుల బృందం, నాలుగు గొంతుల బృందం, మధ్యలో ఒంటిస్వర పఠనం మార్చి మార్చి వస్తాయి, చివర తొమ్మిది గొంతులూ కలుస్తాయి. 14 ఏళ్ల మోజార్ట్ 1770 పవిత్ర వారంలో విని రాసుకున్నాడని తండ్రి లియోపోల్డ్ ఏప్రిల్ 14న ఇంటికి ఉత్తరం రాశాడు.

ఆ పై సి గురించి బెంగ వద్దు, అది అల్లేగ్రిది కాదు. 1831లో జర్మన్ స్వరకర్త మెండెల్సోన్ నాలుగు స్వరాలు పైకి ఎత్తి పాడగా విని రాసుకున్న ముక్క ఒకటి, 19వ శతాబ్దం చివర ఒక ఇంగ్లిషు సంగీత నిఘంటువులో మామూలు శ్రుతిలోని ముక్కకు అతుక్కుపోయింది. ఆ అతుకు దగ్గరే పాట చటుక్కున జి నుంచి సికి గెంతుతుంది. 1771లో ఇంగ్లిషు సంగీత చరిత్రకారుడు బర్నీ అచ్చువేసిన పాఠంలో ఆ స్వరం లేదు. మీ సోప్రానోలకు ఆ పాఠం ఇవ్వండి.

ప్రశ్న: ఆ రోజుల్లో ఎంతమంది పాడేవారు? ఆడవాళ్లు పాడేవారా? నిజంగా వాద్యాలు లేవా?
– ఒంగోలు

జవాబు: చాలాచోట్ల వరసకు కొద్దిమందే. పై వరసను బాలురో, సన్నగొంతుతో పాడే మగవాళ్లో పాడేవారు. కన్యకాశ్రమాల్లో మాత్రం సన్యాసినులే అన్ని వరసలూ పాడుకునేవారు. పోపు సొంత చాపెల్‌లో ఆర్గన్ కూడా లేదు. మిగతాచోట్ల అంత నిష్ఠ లేదు: స్పెయిన్ కతీడ్రల్‌లలో జీతాలిచ్చి వాద్యగాళ్లను పెట్టుకున్నారు, వెనిస్ సాన్ మార్కోలో రెండు ఆర్గన్లు, కొర్నెట్లు, సాక్‌బట్లు అనే ఊదే వాద్యాలు మోగాయి. కాబట్టి ఒక వరస బలహీనంగా ఉంటే దాన్ని చిన్న ఆర్గన్‌తో మెత్తగా వాయించడం అపచారం కాదు. పైన శ్రుతి గురించి చెప్పింది గుర్తుంచుకుంటే చాలు.

ప్రశ్న: పూజ తెలుగులోకి మారిపోయింది కదా, ఇప్పుడు ఈ లాటిన్ పాటలు గుడిలో పాడనిస్తారా?
– ఖమ్మం

జవాబు: అడ్డేమీ లేదు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన పత్రం దేశభాషలకు దారి తెరిచింది. అదే పత్రం 116వ అంశంలో గ్రెగోరియన్ గానానికి మొదటి పీట వేసి, బహుళస్వర గానాన్నీ తోసిపుచ్చలేదు. సభ అంతా కలిసి పాడే సాంక్తుస్ ('పరిశుద్ధుడు') లాంటి భాగాన్ని లాగేసుకోకుండా, కానుకల సమయంలోనో దివ్యసత్ప్రసాదం తర్వాతనో ఒక మోటెట్ పెట్టుకుంటే ఇబ్బంది రాదు. ఆంగ్ల స్వరకర్త విలియం బర్డ్ 'ఆవే వేరుమ్ కోర్పుస్' నాలుగు గొంతులది, సుమారు నాలుగు నిమిషాలు, దివ్యసత్ప్రసాదం గురించిందే. అర్థాన్ని తెలుగులో నాలుగు వాక్యాలు రాసి ముందుగా చదివించండి. ముందు మీ విచారణ గురువుగారితో ఒక మాట అనుకోండి.